తక్కువ ఖర్చుతో పాత జిప్సీ: మా అమ్మాయీ నేనూ కలిసి బాగుచేసుకుంటున్న బండి

ఓరుగల్లు జిప్సీ (ఏప్రిల్ 21)

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను, డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి పరీక్షలు మొన్ననే ముగిశాయి. జనగామ దగ్గర మా నాన్నగారి నాలుగెకరాల చేనుకు వెళ్లే బాట ఒక వాగును దాటుతుంది. వానలు పడితే ఆ నల్లరేగడిలో మామూలు కారు అడుగు కదలదు. కిందటేడు దసరాకు అక్కడే కూరుకుపోయి ట్రాక్టరుతో లాగించుకున్నప్పుడు, నాలుగు చక్రాలూ లాగే పాత బండి ఒకటి తెచ్చుకుని మనమే బాగుచేసుకుంటే ఏమని అమ్మాయి అడిగింది. ఆ మాట అప్పటి నుంచి మా ఇద్దరినీ వదలలేదు.

కొనుగోలు, మరమ్మతు, కాగితాలు అన్నీ కలిపి 2,50,000 రూపాయలు దాటకూడదన్నది మా ఇంట్లో కుదిరిన ఒప్పందం. ప్రస్తుతం రెండు బండ్లు చూశాము. ఒకటి 1,60,000 చెబుతున్న 2003 నాటి మారుతి జిప్సీ కింగ్, గుడ్డ టాపుది. రెండోది అంతకంటే కొంచెం తక్కువకు వచ్చే 1994 నాటి మహీంద్రా ఎమ్‌ఎమ్ 540. పానాలు పట్టడం నాకు స్కూటరు వరకే తెలుసు. మా ఇద్దరి చేతులకు ఏది నప్పుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

ఆటోనగర్ పాతకాపు (ఏప్రిల్ 21)

మాస్టారూ, విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా ఈ రెండు రకాల బండ్ల కిందా పడుకున్నవాణ్ణి కనుక సూటిగా చెబుతాను. 540 మొండి బండి, నాకు ప్రాణం. అయితే ఆ ప్యూజో డీజిల్ ఇంజను 2,112 సీసీది, ప్రతి భాగమూ బరువే. గేర్‌బాక్సు దించాలంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చైన్ బ్లాకు కావాలి. ఆ ఇంజను సామాన్లు కూడా ఇప్పుడు వెదికి తెచ్చుకోవాలి.

జిప్సీ గుడ్డ టాపు బండి మొత్తం బరువు వెయ్యి కిలోలకు లోపే ఉంటుంది. 2000 తరువాతి కింగ్‌లో 1,298 సీసీ, పదహారు వాల్వుల పెట్రోలు ఇంజను, 80 హార్స్‌పవర్ ఉంటాయి. ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు వైపులా కమాను పట్టీలు, కింద నిచ్చెన లాంటి ఛాసిస్. దాచిపెట్టినది ఏదీ లేదు, చూస్తే అర్థమయ్యే బండి. 2019 వరకు తయారైంది కాబట్టి సామాను దొరుకుతుంది. పిల్లతో కలిసి చేసుకునే పనికి ఇదే సరైనది.

ఇంజను శబ్దం విని మోజు పడి బయానా ఇవ్వకండి. ఇంజను పోతే ఇంకొకటి దొరుకుతుంది, ఛాసిస్ తుప్పు పడితే బండే లేదు. చిన్న సుత్తి తీసుకువెళ్లి వెనక అడ్డపట్టీ, కమాను పట్టీల కొసలను పట్టి ఉంచే షాకిల్ తగిలే చోట్లు, పెట్రోలు ట్యాంకు పైభాగం, బాడీని ఛాసిస్‌కు బిగించే దిమ్మలు ఒక్కొక్కటీ కొట్టి వినండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము చప్పగా పలుకుతుంది. ఆ సుత్తి అమ్మాయి చేతికే ఇవ్వండి, పిల్లల చెవులు మన చెవులకంటే నిజం చెబుతాయి.

కాగితాల మనిషి (ఏప్రిల్ 22)

రవాణా శాఖలో పనిచేసి విరమణ పొందాను. సుత్తి కంటే ముందు ఆర్సీ చూడమని నా మనవి.

2003 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషను ఎప్పుడో ముగిసింది. ఆ తరువాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. ఇప్పుడున్న గడువు ఏ తేదీతో ముగుస్తుందో చూడండి. 2022 ఏప్రిల్ నుంచి కార్ల తరగతికి ఈ రుసుమును 5,000 రూపాయలు చేశారు, 20 ఏళ్లు దాటిన బండ్లకు తరువాత ఇంకా పెంచారు. కాబట్టి దీన్ని చిల్లర ఖర్చుగా లెక్కవేయకండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి, ఆర్సీతో అంకె అంకె పోల్చండి. నంబరు చుట్టూ కొత్త వెల్డింగు గానీ, మందంగా పూసిన రంగు గానీ కనిపిస్తే, ఎంత చవకైనా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇతర రాష్ట్రాల నుంచి గానీ సైన్యం వేలం నుంచి గానీ వచ్చిన బండి అయితే నిరభ్యంతర పత్రం, వేలం పత్రాలు అసలువి ఉండాలి.

మరొక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు వేసే వీలు వచ్చింది. బాగుచేయడం వేరు, మార్చడం వేరు. మీ పని మొదటి దానిలోనే ఉండాలని కోరుతున్నాను.

ఓరుగల్లు జిప్సీ (మే 4)

మీ ముగ్గురి మాటలూ కాగితం మీద రాసుకుని వెళ్లాము. (మూడో వారు నాకు ఫోన్‌లో అరగంట ఓపికగా చెప్పిన మిత్రుడు.) జిప్సీనే తీసుకున్నాము, 1,48,000కు కుదిరింది. ఆర్సీకి ఇంకా రెండేళ్ల గడువు ఉంది, నంబరు ముద్ర సరిపోయింది.

అమ్మాయి సుత్తితో బండి చుట్టూ తిరిగి 22 చోట్ల కొట్టి, చప్పగా పలికిన ప్రతిచోటా సుద్దతో గుండ్రం గీసింది. ఎడమవైపు కాళ్లు పెట్టుకునే రేకులో రెండు, అద్దం చట్రం అడుగున ఒకటి, వెనక తలుపు దగ్గర ఒకటి, వెరసి నాలుగు గుండ్రాలు వచ్చాయి. ఛాసిస్ అంతా ఖంగుమంది. ఆ నాలుగు గుండ్రాలు చూపించగానే అమ్మకందారు తనంతట తానే 12,000 తగ్గించాడు. రేకుల పని టింకరింగ్ మేస్త్రీకి అప్పగించి, అతుకుల మీద తుప్పు గీకడం, రెడ్ ఆక్సైడ్ పూయడం మేము చేసుకున్నాము.

తిరుపతి అమ్మ (మే 4)

చాలా సంతోషం కలిగింది. నేనూ మా అబ్బాయీ నాలుగేళ్ల కిందట ఒక 540ని ఇలాగే నిలబెట్టుకున్నాము. జాకీ మీద ఉన్న బండి కిందకు తలకాయ కాదు, చెయ్యి కూడా పెట్టనివ్వకండి. రెండు జతల ఉక్కు స్టాండ్లు కొనండి, చక్రాలకు దిమ్మలు వేయండి, స్టాండ్ల మీద దించాక బండిని భుజంతో ఒకసారి గట్టిగా ఊపి చూడండి. ఆ ఊపే పని మా ఇంట్లో అబ్బాయిది. వాడు ఊపి సరే అన్న తరువాతే నేను కిందకు వెళ్లేదాన్ని.

కొండబాట కుర్రాడు (మే 6)

అభినందనలు సార్. నేను విశాఖలో ఉంటాను, పాడేరు వైపు తరచుగా వెళుతుంటాను. మీ బడ్జెట్‌లో ఇంకా డబ్బు మిగిలి ఉంది కాబట్టి, బండిని నాలుగు అంగుళాలు పైకి లేపే లిఫ్టు, 31 అంగుళాల మడ్ టైర్లు వేయిస్తే బండి రూపమే మారిపోతుంది. అమ్మాయి కూడా ఎంతో మురిసిపోతుంది.

ఆటోనగర్ పాతకాపు (మే 6)

తమ్ముడూ, నీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది, కానీ ఈ సలహా ఆ ఇంటికి తగదు. కాగితాల మనిషి గారు చెప్పిన చట్టం ఒకవైపు ఉంచు, బండి సంగతే చూద్దాం. జిప్సీలో రెండు చక్రాల మధ్య వెడల్పు 1,300 మిల్లీమీటర్లు మాత్రమే. దాన్ని నాలుగు అంగుళాలు లేపితే బరువు పైకి పోయి, పక్కవాలు మీద ఒరిగే గుణం పెరుగుతుంది. ఇరుసులకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టులు వంపు తిరిగి, వాటి కీళ్లయిన క్రాసులు త్వరగా అరిగిపోతాయి, బ్రేకు రబ్బరు గొట్టాలు పొడవు చాలక బిగుసుకుంటాయి, స్టీరింగు కడ్డీ వాలు మారి గుంటలో పడినప్పుడు బండి తనంతట తాను పక్కకు లాగుతుంది. ఒక్క లిఫ్టు కోసం ఇవన్నీ మళ్లీ సరిచేసుకోవాలి.

నేలకూ బండికీ మధ్య 210 మిల్లీమీటర్ల ఎత్తు కంపెనీయే ఇచ్చింది. చేను బాటకు అది చాలు. టైర్లు మాత్రం మంచివి వేయండి మాస్టారూ. బొలెరోకు వచ్చే 215/75 ఆర్15 సైజు తీసుకుంటే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, పాత సైజుతో పోలిస్తే ఎత్తులో పెద్ద తేడా రాదు. మిగిలిన డబ్బు మొదట ఆగడానికి, తరువాత తిరగడానికి, ఆ తరువాతే కదలడానికి ఖర్చుపెట్టండి. మా గురువు నేర్పిన వరస ఇది.

డాలస్ తెలుగువాడు (మే 9)

టెక్సస్ నుంచి రాస్తున్నాను. మాది గుడివాడ. ఇక్కడ నేను 1998 నాటి జీప్ చెరోకీ ఒకటి, నాలుగు లీటర్ల ఇంజనుది, మా అబ్బాయితో కలిసి బాగుచేద్దామని మొదలుపెట్టాను. బండి పూర్తయింది, బాగా నడుస్తోంది. కానీ దాన్ని పూర్తిచేసింది నేనొక్కణ్ణే. ఆ సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి నెల వాడు ప్రతి శనివారమూ నాకంటే ముందే గరాజులో ఉండేవాడు. నేను ఏం చేశానంటే, ప్రతిసారీ వాడి చేతికి టార్చి ఇచ్చాను. ఇటు పట్టు, కాస్త పైకి పట్టు, కదలకు అనేవాణ్ణి. మొండి బోల్టు వస్తే ఆలస్యమవుతుందని నేనే విప్పేవాణ్ణి. రెండో నెలకు వాడు ఫోను తెచ్చుకున్నాడు, మూడో నెలకు రావడం మానేశాడు. నేను వాణ్ణి సోమరి అనుకున్నాను. తప్పు నాదని ఏడాది తరువాత తెలిసింది. బండిలో వాడిది అని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ నేను వాడికి మిగల్చలేదు.

అమ్మాయికి టార్చి ఇవ్వకండి మాస్టారూ. ఒక పని మొదటి నుంచి చివరి వరకు, విప్పడం దగ్గర నుంచి పరీక్షించడం దాకా, పూర్తిగా ఆమెకే ఇవ్వండి. టార్చి మీరు పట్టుకోండి.

ఓరుగల్లు జిప్సీ (మే 10)

డాలస్ గారూ, మీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే బ్రేకులు నావి నాన్నా" అంది. ఇంత ముఖ్యమైన పని ఎలా ఇవ్వాలని నేను తటపటాయిస్తున్నాను.

ఆటోనగర్ పాతకాపు (మే 10)

నేనైతే ఒప్పుకోను అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ నేను బ్రేకు షూలు మార్చడం మొదలుపెట్టిన నాటికి నా వయసు 13. చేయనివ్వండి, కాకపోతే రెండు నిబంధనలు. ప్రతి బిగింపునూ మీరు, ఎంత బలంగా బిగిసిందో చూపే టార్క్ పానాతో మళ్లీ చూడాలి. చివరి పరీక్షకు ముందు మీ ఊళ్లో ఒక మంచి మేస్త్రీని పిలిచి చూపించాలి.

డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును గాలితో ఊదకూడదు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. సబ్బు నీళ్లు చల్లి తడిపి గుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. ముఖానికి మాస్కు తప్పనిసరి. మా కాలంలో ఇది మాకెవరూ చెప్పలేదు.

ఓరుగల్లు జిప్సీ (మే 26)

జరిగినది వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రెండు వారాల్లో నేను నేర్చుకున్నది నా విద్యార్థులకు కూడా చెప్పాలనుకుంటున్నాను.

బండి కొన్న కొత్తలో, ఇంటికి తెచ్చే దారిలో ఉన్న ఒక మెకానిక్ షెడ్డులో బ్రేకు ఆయిలు తక్కువగా ఉందని పోయించుకున్నాను. వారం తిరిగేసరికి పెడలు గట్టిపడింది. రెండు కిలోమీటర్లు నడిపితే నాలుగు చక్రాలూ పట్టేసి, వెనక డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. అరగంట ఆగితే మళ్లీ వదిలేది. షూలు సరిగా అమరలేదేమోనని నేను అనుకున్నాను. అమ్మాయి మాత్రం, నాలుగు చక్రాలకూ ఒకేసారి వచ్చిందంటే జబ్బు చక్రాల దగ్గర ఉండదు, నాలుగింటికీ కలిసే చోట ఉండాలి అంది. కలిసే చోటంటే, పెడలు తొక్కితే నాలుగు చక్రాలకూ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్.

దాని మీది బ్రేకు ద్రవం డబ్బా మూత తీసి చూస్తే లోపలి రబ్బరు బిళ్ల తన గాడిలో ఇమడకుండా అలలు అలలుగా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బిన రబ్బరును వేళ్ల మధ్య నొక్కి, తడిసిన శనగపప్పులా ఉందని చూపించింది. ఆయిలులోనే ఏదో కలిసిందని అనుమానం వచ్చి, రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు తీసుకున్నాము. ఒకదానిలో కొత్త సీసా నుంచి బ్రేకు ద్రవం పది చుక్కలు వేస్తే, గరిటె తిప్పగానే నీటిలో కలిసిపోయింది. రెండో దానిలో మా బండిలో నుంచి తీసిన ద్రవం వేసి తిప్పి పక్కన పెడితే, కాసేపటికి పైన పసుపుపచ్చని తెట్టు తేలి, వెలుతురులో రంగులు రంగులుగా మెరిసింది. బ్రేకు ద్రవం నీటిలో కలిసే జాతిది, ఇంజను ఆయిలు కలవనిది. ఆ షెడ్డులో ఒకదానికి బదులు ఇంకొకటి పోశారు. ఖనిజ నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మాస్టర్ సిలిండరులో ద్రవం వెనక్కి వచ్చే సన్నని రంధ్రాన్ని మూసేసింది. అందుకే తొక్కిన బ్రేకు వదలలేదు.

ఇరవై ఏళ్లుగా ద్రవాల గురించి పాఠం చెబుతున్న నేను షూల దగ్గర వెదుకుతుంటే, జబ్బు ఎక్కడుందో అమ్మాయి ముందుగా కనిపెట్టింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇక్కడ చెప్పుకుంటే తప్పు లేదనుకుంటాను.

ఆటోనగర్ పాతకాపు (మే 26)

అమ్మాయికి నా ఆశీస్సులు. ఆ గ్లాసు పరీక్ష ప్రతి షెడ్డులోనూ చేయవలసినదే. ఇప్పుడు ఒక్క మాస్టర్ కిట్టు మార్చి ఊరుకోకండి. ఆ నూనె తాకిన ప్రతి రబ్బరూ పోయినట్టే లెక్క. మాస్టర్ సిలిండరు, వెనక వీల్ సిలిండర్లు, ముందు క్యాలిపర్ల సీళ్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చండి, ఇనుప గొట్టాలను స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టండి. ఏడెనిమిది వేలు అవుతుంది. ఇక్కడ మిగుల్చుకునే డబ్బు మిగులు కాదు.

ఓరుగల్లు జిప్సీ (జూన్ 2)

అన్నీ మార్చాము, 8,400 అయింది. లైన్లలో గాలి తీసే రోజున అమ్మాయి చక్రం దగ్గర కూర్చుంది, నేను పెడలు మీద ఉన్నాను. మాస్టరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాము. "తొక్కు నాన్నా" అంటే తొక్కి పట్టుకోవాలి, గాలి వదిలే చిన్న మర, అదే నిపులు, వదులు చేసి మళ్లీ బిగించాక "వదులు" అంటుంది. సన్న గొట్టం కొసను సీసాలోని ద్రవంలో ముంచి, బుడగలు ఆగేదాకా ఇలా నలభై సార్లకు పైగా చేశాము. చివరికి గొట్టంలో ఒక్క బుడగ కూడా లేకుండా నిండుగా ద్రవం నిలిచినప్పుడు నన్ను పిలిచి చూపించింది. టార్చి నేను పట్టుకున్నాను. మేస్త్రీ వచ్చి చూసి, వెనక కుడి షూ సర్దుబాటు రెండు పళ్లు బిగించమన్నారు. అంతకుమించి వంక పెట్టలేదు.

కాగితాల మనిషి (జూన్ 3)

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అయితే చెప్పవలసినది చెప్పాలి. అమ్మాయి బాగుచేసింది కదా అని రోడ్డు మీద స్టీరింగు ఇవ్వకండి. 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో కారు నడిపితే, 199ఎ సెక్షను కింద తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉంటాయి, బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. వాగు ఇసుక, చెరువు కట్ట, పోడు బాట ఏవీ మీ సొంత స్థలాలు కావు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి పోనివ్వడం అసలే నేరం.

తిరుపతి అమ్మ (జూన్ 3)

సొంత చేనులో కూడా వద్దని నా అభిప్రాయం. మా అబ్బాయిని 18 నిండేదాకా నేను స్టీరింగు తాకనివ్వలేదు. బాగుచేయడమూ నడపడమూ ఒకే పని కాదని వాడికి అర్థమయ్యేలా చెప్పాను.

ఓరుగల్లు జిప్సీ (జూన్ 4)

అమ్మా, మీ మాటతో చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. రోడ్డు మీద 18 నిండేదాకా ఇవ్వను, అందులో సందేహం లేదు. చేనులో, కంచె లోపల, వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజిలో, మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో, నేను పక్కన కూర్చుని చేతి బ్రేకు మీద చెయ్యి ఉంచి, పది నిమిషాలు మాత్రం ఇవ్వాలనుకుంటున్నాను. మీరు దీనికి సమ్మతించరని తెలుసు, మీ కారణాలనూ గౌరవిస్తున్నాను.

ఓరుగల్లు జిప్సీ (జూన్ 23)

తొలకరి పడింది, చేనుకు వెళ్లి వచ్చాము. వెళ్లే ముందు అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. నాలుగు చక్రాల లాగుడు అంత మంచిదైతే రోడ్డు మీద ఎందుకు వేయకూడదు? జవాబు చెప్పడానికి బదులు ఇంటి ముందు వాకిలి తడిపి, స్టీరింగు పూర్తిగా తిప్పి బండిని మెల్లగా గుండ్రంగా తిప్పాను. తడి నేల మీద ముందు చక్రాల జాడ వెనక చక్రాల జాడకు బయటగా పడింది. ఆమె టేపుతో కొలిచింది. వెనక ఇరుసు దాదాపు 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందు ఇరుసు 5.5 మీటర్లతో తిరిగింది. అంటే ఒక్క చుట్టులో ముందు ఇరుసు మూడు మీటర్లకు పైగా ఎక్కువ నడుస్తుంది. జిప్సీలో ముందుకూ వెనకకూ మధ్య ఈ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి, 4x4 వేస్తే రెండు షాఫ్టులూ ఒకే లెక్కన తిరగాలి. బురదలో చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. ఎండిన తారు మీద జారలేదు కాబట్టి షాఫ్టులు పురి తిరిగి, గేరు కడ్డీ బిగుసుకుపోతుంది. ఈ లెక్క ఆమె నోటు పుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

వాగు దగ్గర టైర్ల గాలి 18 పీఎస్‌ఐకి తగ్గించి, నీళ్లలో కర్రతో లోతు చూసి, లో రేంజిలో ఆగకుండా దాటాము. అవతలి గట్టు నల్లరేగడి మాత్రం టైరు గాళ్లు నింపేసి చక్రాలను నున్నగా చేసింది. ఒక చక్రం గాలిలో లేవగానే ఆ ఇరుసు శక్తి అంతా దానికే పోయింది, రెండో ఇరుసు చక్రాలు బురదలో జారి బండి నిలిచిపోయింది. ముందుగా తెచ్చుకున్న చెక్కలు కింద పెట్టి, పార పట్టి ఇరవై నిమిషాల్లో బయటపడ్డాము. ట్రాక్టరు పిలవవలసిన అవసరం రాలేదు. తాడు వేయవలసి వస్తే బంపరుకు కాక ఛాసిస్ కొక్కేనికే కట్టాలని, తెగితే కొరడాలా వచ్చి తగలకుండా తాడు మధ్యలో తడి గోనెసంచి వేయాలని పాతకాపు గారు విడిగా చెప్పినది కూడా గుర్తుంచుకున్నాము.

ఇప్పటికి మొత్తం ఖర్చు 2,31,000. టైర్లు, రేకుల పని, బ్రేకులు, క్రాసులు రెండు, స్టాండ్లు, పానాలు అన్నీ అందులోనే.

ఓరుగల్లు జిప్సీ (జూన్ 23, అమ్మాయి రాసినది)

అందరికీ నమస్కారం. నాన్న ఖాతాలో నేను రాస్తున్నాను. డాలస్ అంకుల్ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. చేను నుంచి వచ్చాక నాలుగు చక్రాలూ చేత్తో తాకి చూశాను. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి, ఏదీ పట్టలేదు. డబ్బాలో ద్రవం నేను గీసిన గీత దగ్గరే ఉంది. ముందు కుడి చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా టక్కుమంటోంది. చక్రం పక్కకు మళ్లే కీలులోని కింగ్‌పిన్ బేరింగులు అరిగి ఉంటాయని నాన్న అంటున్నారు, చక్రం తిరిగే హబ్ బేరింగు కావచ్చని నాకు అనిపిస్తోంది. బ్రేకు తొక్కి పట్టి ఊపితే తేడా తెలుస్తుందని మేస్త్రీ గారు అన్నారు. రేపు నాన్న తొక్కుతారు, నేను ఊపుతాను. ఫలితం ఇక్కడే రాస్తాను.